ఇబ్రహీం ఎల్-సలాహి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికా చిత్రకళ గురించి మాట్లాడినప్పుడల్లా సుడాన్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఇబ్రహీం ఎల్-సలాహి పేరు వస్తుంది. ఆ వెనకే అవే సందేహాలూ వస్తాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఆయన జీవితంలోని దశల ప్రకారం సర్దాను గానీ వరసగా చదవాల్సిన పనేమీ లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## పుట్టిన ఊరు, చిన్నతనం

ఎవరండీ ఈయన? క్లుప్తంగా చెప్పండి.

1930లో సుడాన్‌లోని ఓమ్దుర్మాన్‌లో పుట్టిన చిత్రకారుడు. నైలు నదికి ఒక పక్క రాజధాని ఖర్తూమ్, అవతలి ఒడ్డున ఓమ్దుర్మాన్. ఖర్తూమ్‌లోనూ లండన్‌లోనూ చదువుకుని, సొంత దేశంలో పాఠాలు చెప్పి, ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి, అదే ప్రభుత్వం చేతిలో జైలుపాలై, ఆ తర్వాత ఇరవై ఏళ్ల పాటు ఖతార్‌లో గడిపి, 1998లో ఆక్స్‌ఫర్డ్ చేరారు. అరబిక్ లిపిని, ఆఫ్రికా ముసుగుల్లో కనిపించే ముఖాలను కలిపి ఒక కొత్త గీతను సాధించారు. ఆఫ్రికా ఆధునిక చిత్రకళ చరిత్ర ఎవరు రాసినా ఆయన్ని దాటి వెళ్లలేరు.

సుడాన్ అరబ్బు దేశం కదా, మరి ఈయన్ని ఆఫ్రికా చిత్రకారుడని ఎందుకంటారు?

సుడాన్ రెండూ. అక్కడ అరబిక్ మాట్లాడతారు, ఎక్కువమంది ముస్లింలు. అదే నేల మీద నూబియన్లున్నారు, పశ్చిమాన దార్ఫుర్ వాళ్లున్నారు, ఇంకా ఎన్నో ఆఫ్రికా తెగలున్నాయి. బ్రిటన్, ఈజిప్టుల ఉమ్మడి పాలన నుంచి 1956 జనవరి 1న స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి చదువుకున్న కుర్రాళ్లందరికీ ఎదురైన ప్రశ్న కూడా ఇదే: మనమెవరం? రచయితలు దాని మీద వాదించుకున్నారు. ఎల్-సలాహి ఆ రెండింటినీ విడదీయకుండా ఒకే బొమ్మలో వేసి చూపించారు. అందుకే అరబ్ కళ మ్యూజియంలూ ఆఫ్రికా కళ మ్యూజియంలూ ఆయన్ని తమవాడే అంటాయి. రెండు వాదనలూ న్యాయమే.

ముస్లిం కుటుంబం కదా, బొమ్మలేస్తే ఇంట్లో ఒప్పుకున్నారా?

అసలు ఆయన చెయ్యి తిరిగిందే మతం చదువులో. తండ్రి ఇంట్లోనే ఖురాన్ బడి నడిపేవారు. సుడాన్‌లో దాన్ని ఖల్వా అంటారు. పిల్లలు చెక్కపలక మీద పుల్లకలంతో రాస్తారు. సిరా కూడా బడిలోనే తయారవుతుంది: మసి, జిగురు, నీళ్లు. ఆ జిగురు సుడాన్ ఎడారి అంచున పెరిగే తుమ్మ జాతి చెట్లది. ప్రపంచమంతా గమ్ అరబిక్ అని కొనుక్కునేది దాన్నే. పాఠం కంఠస్థమయ్యాక పలక కడిగేసి కొత్తది రాసుకోవాలి. మన పాతకాలపు పలకా బలపం చదువే అనుకోండి, కాకపోతే అక్కడ అక్షరం తీరుగా ఉండటం కూడా చదువులో భాగం. ఖురాన్‌లో ఒక భాగం పూర్తయితే పలక చుట్టూ రంగుల అంచులు, నగిషీలు వేసి వేడుక చేస్తారు. ఆ అలంకారాలు వేస్తూనే చిన్న ఇబ్రహీం చిత్రకళలోకి అడుగు పెట్టాడు.

## లండన్ చదువు, ఖర్తూమ్‌లో ఎదురుదెబ్బ

ఎక్కడెక్కడ చదివారు? లండన్‌లో నేర్చుకున్నది పనికొచ్చిందా?

1949 నుంచి ఖర్తూమ్‌లోని గోర్డన్ మెమోరియల్ కాలేజీ డిజైన్ విభాగంలో చదివారు. తర్వాత స్కాలర్‌షిప్ మీద 1954లో లండన్‌లోని స్లేడ్ స్కూల్ అనే చిత్రకళ కాలేజీలో చేరి 1957 దాకా ఉన్నారు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయడం, వెలుగునీడలు, ఆయిల్ రంగుల పని అన్నీ అక్కడ గట్టిగా పట్టుబడ్డాయి. పనికొచ్చిందా అంటే చేతికి పనికొచ్చింది. కంటికి కొన్నాళ్లు అడ్డుపడింది. యూరప్ మ్యూజియంలకు అలవాటైన కన్నుతో ఓమ్దుర్మాన్ వీధిని చూస్తే ఏముంటుంది గీయడానికి అనిపించడం సహజం. అది వదిలించుకోవడానికి ఆయనకు కొన్నేళ్లు పట్టింది.

తిరిగొచ్చాక మొదటి ఎగ్జిబిషన్‌కి ఎవరూ రాలేదట. నిజమేనా?

దాదాపు నిజమే. ఈ సంగతి ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. 1957లో తిరిగొచ్చి, ఖర్తూమ్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతూ, నైలు ఒడ్డున ఉన్న గ్రాండ్ హోటల్లో లండన్ పెయింటింగులు ప్రదర్శనకు పెట్టారు. ప్రారంభం రోజు మర్యాదకు వచ్చినవాళ్లు వచ్చారు. తర్వాత జనం లేరు. మళ్లీ పెట్టినా అంతే.

ఇంకొకరైతే మా జనానికి కళ తెలియదని నిట్టూర్చి మళ్లీ లండన్ విమానం ఎక్కేవారు. ఈయన బ్రష్ పక్కన పెట్టి దేశం తిరిగారు. జనం ఇళ్లలో ఏం పెట్టుకుంటున్నారు, గోడల మీద ఏం వేసుకుంటున్నారు, చాపల మీద, గిన్నెల మీద, జీనుల మీద ఏ నగిషీ ఉంది అని చూశారు. ఎక్కడ చూసినా రెండే: అరబిక్ అక్షరం, ఆఫ్రికా అలంకారం.

అప్పుడు బొమ్మ మూలలో తపాలా బిళ్లంత చోటులో చిన్నచిన్న అరబిక్ మాటలు రాయడం మొదలుపెట్టారు. చూసేవాళ్లు దగ్గరికొచ్చారు. రాతను కాస్త పెద్దది చేసి కాన్వాసంతా పరిచారు. ఇంకాస్త దగ్గరికొచ్చారు. ఆ తర్వాత అక్షరాలను విరగ్గొట్టి చూశారు. అర్థం పోయాక మిగిలిన ఆ వంపుల్లోంచి మనుషులు, జంతువులు, మొక్కలు బయటికొచ్చాయి. నా లెక్కలో ఆయన అసలు కెరీర్ మొదలైంది ఇక్కడే, స్లేడ్‌లో కాదు.

ఖర్తూమ్ స్కూల్ అంటే కాలేజీ పేరా?

కాదు, ఒక ధోరణి పేరు. 1960ల్లో ఖర్తూమ్‌లో అరబిక్ లిపిని, స్థానిక నగిషీలను ఆధునిక చిత్రంలోకి తెచ్చిన కళాకారుల బృందాన్ని అలా పిలుస్తారు. ఎల్-సలాహితో పాటు అహ్మద్ షిబ్రైన్, కమలా ఇబ్రహీం ఇషాక్ పేర్లు చెబుతారు. కమలా ఆ తర్వాత ఈ దారితో విభేదించి, క్రిస్టలిస్టులనే వేరే బృందంలో ముందు నిలిచారు. ఆమె బొమ్మల్లో ఆడవాళ్ల లోకం, జార్ అనే పూనకాల ఆచారం ఉంటాయి. ఆమె గురించి విడిగా రాయాలి.

సుడాన్ బయట అప్పుడే పేరొచ్చిందా?

వచ్చింది. నైజీరియాలోని ఇబదాన్ నగరంలో ఉల్లి బైయర్, వోలే షోయింకా లాంటివాళ్లు నడిపిన ఎంబారీ క్లబ్ ఆయన్ని 1960ల మొదట్లోనే పట్టుకుంది. ఆఫ్రికా రచయితలు, చిత్రకారులు ఒకచోట చేరిన కాలమది. తర్వాత ఫెలోషిప్‌ల మీద అమెరికా ఖండాలు తిరిగారు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆయన 1964లో వేసిన మసీదు బొమ్మను కొనుక్కుంది. 1966లో సెనెగల్ రాజధాని డకార్‌లో ప్రపంచ నల్లజాతి కళల ఉత్సవం జరిగితే సుడాన్ తరఫున వెళ్లారు.

ఆయన బొమ్మల్లో రంగులు ఎందుకంత మట్టి మట్టిగా ఉంటాయి?

కావాలనే. దేశం తిరిగొచ్చిన తర్వాత లండన్ రంగుల పెట్టెను పక్కనపెట్టి పసుపు మట్టి, ఎర్ర మట్టి, గోధుమ, నలుపు, తెలుపులతోనే చాలాకాలం పని చేశారు. సుడాన్ నేల రంగు, అక్కడి మనుషుల ఒంటి రంగు అవేనని ఆయన ఉద్దేశం. ఫోన్‌లో చూస్తే కొంచెం డల్‌గా కనిపిస్తాయి, ఒప్పుకుంటాను. పెద్ద సైజులో చూస్తే ఆ గోధుమ రంగులోనే ఎన్ని అంతరాలున్నాయో తెలుస్తుంది.

ఒక్క బొమ్మే చూడమంటే ఏది చూడాలి?

లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉన్న రీబార్న్ సౌండ్స్ ఆఫ్ చైల్డ్‌హుడ్ డ్రీమ్స్, మొదటిది. 1961లో మొదలై 1965 నాటికి పూర్తయింది. నూలు గుడ్డ మీద ఎనామిల్, ఆయిల్ రంగులు. పొడవూ వెడల్పూ రెండున్నర మీటర్ల పైనే. నిలువుగా సాగిన మనుషులు, లోతుగా గుంటలు పడ్డ కళ్లు, ముసుగుల్లాంటి ముఖాలు. ఆ ముఖాల వంపులను కాసేపు చూస్తే అరబిక్ అక్షరాల ఒంపులు గుర్తుపడతారు. మనుషుల ఒళ్లు కింది దాకా వచ్చేసరికి పల్చబడి వెనకనున్న రంగులో కరిగిపోతాయి, కాళ్లెక్కడున్నాయో తేలదు. పేరులో చిన్ననాటి కలలున్నాయి గానీ బొమ్మలో ముచ్చటేమీ లేదు. చీకట్లో మేలుకున్న పిల్లాడికి గోడ మీద కనిపించే ఆకారాలివి.

## ఉద్యోగం, జైలు

హాయిగా బొమ్మలేసుకోక ప్రభుత్వంలో ఎందుకు చేరారు?

కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాల్లో చదువుకున్న కళాకారులు కొద్దిమందే. పిలిస్తే వెళ్లకపోవడం తేలిక కాదు. 1969 నుంచి 1972 దాకా లండన్‌లోని సుడాన్ రాయబార కార్యాలయంలో సాంస్కృతిక విభాగంలో పనిచేశారు. తర్వాత ఖర్తూమ్‌లో సంస్కృతి, సమాచార మంత్రిత్వ శాఖలో పెద్ద హోదాలోకి వచ్చారు. బైత్ అల్-జాక్ అనే టీవీ కార్యక్రమం కూడా నడిపారు. అప్పుడు దేశాన్ని ఏలుతున్నది 1969లో సైనిక కుట్రతో గద్దెనెక్కిన జాఫర్ నిమేరీ. సైనిక పాలకుడి కింద సంస్కృతి శాఖ నడపడం ఎక్కడికి దారి తీస్తుందో ఆయన ఊహించలేదా అని నాకూ అనిపిస్తుంది. పత్రికలకు, రంగస్థలానికి, మ్యూజియంలకు ఏదైనా చేయగలననే ఆశ అలాంటి సందేహాలను పక్కకు తోసేస్తుంది.

జైల్లో ఎందుకు వేశారు? ఏం నేరం?

నేరం రుజువు కాలేదు. అసలు విచారణే జరగలేదు. 1975 సెప్టెంబరులో నిమేరీ మీద కుట్ర ఒకటి విఫలమైంది. అందులో ఎల్-సలాహి బంధువు ఒకరున్నారు. దాంతో ఈయనకూ చెయ్యి ఉందని ఆఫీసు నుంచే పట్టుకుపోయారు. ఖర్తూమ్‌లోని కోబర్ జైల్లో ఆరు నెలలకు పైగా ఉంచి, ఎలా పట్టుకెళ్లారో అలాగే వదిలేశారు. వదిలాక కూడా కొంతకాలం గృహనిర్బంధం తప్పలేదు.

జైల్లో కలం, కాగితం ఇవ్వలేదంటారు. మరి బొమ్మలెలా వేశారు?

దొంగచాటుగా. రాసే సామాను దొరికితే ఏకాంత నిర్బంధం. అయినా చిత్తు కాగితం ముక్కలు పోగేసి, పెన్సిల్ ముక్కతో గీసేవారు. కాపలావాళ్ల అలికిడి వినగానే ఆ ముక్కల్ని ఇసుకలో పాతిపెట్టేవారు. బయట తిరగనిచ్చే కాసేపట్లో ఇసుక మీదే గీసి, ఎవరైనా వస్తుంటే చెరిపేసేవారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అరచేతిలో పట్టే ముక్క మీద పెద్ద బొమ్మ వేయలేరు. కాబట్టి ఒక ముక్క మీద ఒక భాగం, దాని పక్కన ఇంకో ముక్క, దానికి ఇంకోటి. మొత్తం బొమ్మ ఆయన మనసులో తప్ప ఎక్కడా లేదు. దాచుకోవడం కోసం పుట్టిన ఈ ఉపాయం తర్వాత ఆయన పద్ధతే అయింది. ఒక చిన్న కాగితం మీద విత్తనంలాంటి రూపం గీస్తారు. అది చాలదనిపిస్తే పక్కన ఇంకో కాగితం చేరుస్తారు. బొమ్మ ఎంత పెద్దదవుతుందో ముందుగా నిర్ణయించుకోరు, చట్రం చివరికి వస్తుంది. మిగతా ఆధునిక చిత్రకారుల నుంచి ఆయన్ని వేరు చేసే గుణం ఏదంటే లిపి కంటే ముందు నేను దీన్నే చెబుతాను.

ఆ జైలు బొమ్మలు ఇప్పుడెక్కడున్నాయి?

ఇసుకలో పాతినవి అక్కడే ఉండిపోయాయి. మనం చూడగలిగేది విడుదలయ్యాక 1976లో ఆయన నింపిన నోట్‌బుక్. నల్ల సిరా గీతలు, మధ్యమధ్య అరబిక్ గద్యం, కవిత్వం. గోడలు, ఊచలు, ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడ్డ మనుషులు. ఇది ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ దగ్గర ఉంది. 2018లో ఆ మ్యూజియమే దాన్ని పుస్తకంగా వేసింది. జైల్లో తోటి ఖైదీల మీద, దేవుడి మీద ఆయన రాసుకున్నవి కూడా అందులో ఉన్నాయి.

## దేశం వదిలాక

జైలు నుంచి నేరుగా యూరప్ వెళ్లిపోయారా?

లేదు, మధ్యలో గల్ఫ్ ఉంది. 1977లో ఖతార్ వెళ్లి దోహాలో సమాచార మంత్రిత్వ శాఖలో పనిచేశారు. పగలు ఆఫీసు, మిగిలిన టైమ్‌లో బొమ్మలు. గల్ఫ్‌లో పనిచేసిన మన తెలుగువాళ్లకి ఈ జీవితం కొత్తేం కాదు: మనసు ఒకచోట, జీతం ఇంకోచోట. అక్కడి వాళ్లలో చాలామందికి ఆయన చిత్రకారుడన్న సంగతి పెద్దగా తెలియదు. ఆ కాలంలో రంగులు దాదాపు వదిలేశారు. తెల్ల కాగితం, నల్ల సిరా, అంతే. 1998లో ఆక్స్‌ఫర్డ్‌కు మారాక రంగులు మెల్లగా తిరిగొచ్చాయి.

ది ఇనెవిటబుల్ అనే బొమ్మకి అంత పేరెందుకు?

1984–85లో ఖతార్‌లో ఉండగా వేశారు. బ్రిస్టల్ బోర్డు అనే మందపాటి అట్ట మీద సిరాతో వేసిన తొమ్మిది పలకలు కలిపితే ఒక బొమ్మ. పిడికిళ్లు, చేతులు, ముఖాలు ఒకదాని మీదికి ఒకటి తోసుకుంటూ లేస్తుంటాయి. అణిచిపెట్టేవాడి మీద జనం తిరగబడటం ఎప్పటికైనా తప్పదన్నది పేరులోనే ఉంది. పూర్తయిన ఏడాదే, 1985 ఏప్రిల్‌లో, ఖర్తూమ్ జనం వీధుల్లోకొచ్చాక నిమేరీ పదవి పోయింది. బొమ్మ జోస్యం చెప్పిందనకండి, కరువు, ధరలు అప్పటికే జనాన్ని అక్కడిదాకా తెచ్చాయి. నాలుగేళ్లకే, 1989లో, ఇంకో సైనిక కుట్ర వచ్చింది.

ఈ బొమ్మ సుడాన్ ప్రజలది, వాళ్లకి నిజంగా స్వేచ్ఛ దొరికిన రోజున అక్కడికి చేరాలని ఆయన కోరిక. ప్రస్తుతం అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వారి జాన్సన్ మ్యూజియం సంరక్షణలో ఉంది.

ఇన్నేళ్లు ఆక్స్‌ఫర్డ్‌లో ఉండి ఇంగ్లండ్ దృశ్యాలేమీ వేయలేదా?

చెప్పుకోదగ్గట్టు లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన మళ్లీ మళ్లీ వేసింది హరాజ్ చెట్టు. నైలు పరిసరాల్లో పెరుగుతుంది, మన తుమ్మకు దాయాది. దాని తీరు విచిత్రం. వానాకాలంలో అన్ని చెట్లూ చిగురిస్తే ఇది ఆకులు రాల్చుకుంటుంది. ఎండాకాలంలో అన్నీ మోడైతే ఇది పచ్చగా నిలబడుతుంది. హరాజ్ వానతో పోట్లాడిందని సుడాన్‌లో అంటుంటారు. లోకం ఒకటంటే తను ఇంకోటనే ఈ మొండితనం ఆయనకు నచ్చింది. సుడాన్ మనిషి స్వభావమే అందులో చూసుకున్నారు.

చెట్టంటే ఆకులు, కొమ్మలు ఉంటాయని వెతక్కండి. నిలువు పట్టీలు, గళ్లు, వరసల మధ్య రంగులు, అంతే ఉంటాయి. 2018లో లండన్ రీజెంట్స్ పార్కులో ఈ చెట్టే లోహపు శిల్పంగా కూడా నిలబడింది. యూరప్ కనిపించే బొమ్మలు లేకపోలేదు. స్పెయిన్ వెళ్లొచ్చాక ఫ్లమెంకో నాట్యం మీద ఒక వరస వేశారు. దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలో అరబ్బుల జాడ ఉంది కాబట్టి అదీ ఆయనకి పరాయిచోటు కాదు.

మందుల డబ్బాల మీద బొమ్మలేశారని విన్నాను. ఇది నిజమా, పబ్లిసిటీయా?

నిజమే. వయసు మీద పడ్డాక నడుం నొప్పి, సయాటికా బాగా ఇబ్బంది పెట్టాయి. పెద్ద కాన్వాసు ముందు నిలబడే ఓపిక లేదు. కుర్చీలో కూర్చుని, ఖాళీ అయిన మాత్రల డబ్బాలు విప్పి, లోపలి వైపు తెల్లటి అట్ట మీద పెన్నుతో గీయడం మొదలుపెట్టారు. డబ్బా మడతలు, మూత అంచులు, అతుకు పెట్టే చెవులు అన్నీ అలాగే ఉంటాయి. బొమ్మ ఆ వంకర ఆకారంలోనే ఇమడాలి. కొన్నింట్లో ముఖం సరిగ్గా మడత దగ్గర రెండుగా చీలుతుంది. గీస్తున్నంతసేపు నొప్పి మరిచిపోతానని చెప్పేవారు, అందుకే ఆ వరసకి పెయిన్ రిలీఫ్ అని పేరు. వాటిలో కొన్నింటిని స్క్రీన్ ప్రింటింగ్‌తో పెద్ద కాన్వాసుల మీదికి తెచ్చారు. నాకు మాత్రం ఆ పెద్దవాటికన్నా అసలు అట్టముక్కలే ఇష్టం. పెద్దది చేశాక మడతల గీత బలం తగ్గుతుంది.

అంత గొప్పవాడైతే యూరప్‌లో పేరు రావడానికి అంత ఆలస్యమెందుకైంది?

లండన్‌లోని టేట్ మోడర్న్ 2013లో ఆయన జీవితకాలపు పని మొత్తాన్ని ప్రదర్శించింది. ఆ గ్యాలరీలో ఒక ఆఫ్రికా ఆధునిక చిత్రకారుడికి అలాంటి గౌరవం అదే మొదటిసారి. అప్పటికి ఆయనకి 82 ఏళ్లు. ఆలస్యానికి కారణం ఆయనలో లేదు. ఆధునిక కళంటే పారిస్, న్యూయార్క్‌లలో జరిగింది, మిగతాచోట్ల జరిగింది దాని నకలు అనే లెక్కలో మ్యూజియంలు దశాబ్దాలు గడిపాయి. ఆఫ్రికా అంటే పాత ముసుగులు, కొయ్యబొమ్మలు ఉండాలి, ఆయిల్ పెయింటింగ్ ఉంటే అది అసలు ఆఫ్రికా కాదనే మూఢత్వం కూడా తోడైంది. సలాహ్ హసన్ లాంటి సుడాన్ పరిశోధకులు ఏళ్ల తరబడి రాసి, వాదించి, ప్రదర్శనలు కట్టబట్టే ఆ తలుపు తెరుచుకుంది.

ఆఫ్రికా పికాసో అనొచ్చా?

అనకండి. పికాసో ఆఫ్రికా ముసుగులు చూసి తన దారి మార్చుకున్న మనిషి. ఆ ముసుగులు పుట్టిన ఖండంలో వేసిన బొమ్మను పట్టుకుని పికాసో పోలికలున్నాయనడం తాతకి మనవడి పోలిక వచ్చిందనడమే.

## చూడాలనుకునేవాళ్లకి

అరబిక్ రాదు. ఆ బొమ్మలు నాకు అర్థమవుతాయా?

అవుతాయి. చాలా బొమ్మల్లో అక్షరాలు చదవడానికి వీలుగా ఉండవు. ముక్కలై, సాగి, ముఖంగానో పక్షిగానో మారిపోయి ఉంటాయి. అరబిక్ వచ్చినవాళ్లు కూడా చదవలేరు. కొన్నిటికి మాత్రం నేపథ్యం తెలిస్తే మంచిది. ఉదాహరణకు 1964 నాటి ది లాస్ట్ సౌండ్. మనిషి పోయేటప్పుడు పక్కన కూర్చుని చదివే ప్రార్థనల గురించి వేసిన బొమ్మ అది. ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతాది కన్ను చూసుకుంటుంది.

బొమ్మలు నేరుగా ఎక్కడ చూడొచ్చు? టికెట్ ఎంత?

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకైతే లండన్‌లోని టేట్ మోడర్న్. శాశ్వత సేకరణ చూడటానికి టికెట్ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో కూడా ప్రవేశం ఉచితం. 2018లో అక్కడ ఆయన బొమ్మల్ని ప్రాచీన సుడాన్ వస్తువుల పక్కన పెట్టి మంచి ప్రదర్శన చేశారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు దోహాలోని మథాఫ్ మ్యూజియం, షార్జాలోని బర్జీల్ ఆర్ట్ ఫౌండేషన్ సేకరణల మీద కన్నేసి ఉంచండి. ది లాస్ట్ సౌండ్ బర్జీల్ వాళ్లదే. ఏ మ్యూజియమైనా ఉన్నవన్నీ ఎప్పుడూ గోడ మీద ఉంచదు, కాబట్టి బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఖర్తూమ్ వెళ్లి చూద్దామనుకుంటే ఇప్పుడు కుదరని పని. 2023 ఏప్రిల్ 15న మొదలైన యుద్ధంలో నగరం ఛిద్రమైంది, అక్కడి నేషనల్ మ్యూజియం లూటీ అయింది.

ఇలా యూరప్‌లో బతికిన ఇంకెవరైనా ఆఫ్రికా చిత్రకారుల పేర్లు చెప్తారా?

దక్షిణాఫ్రికా నుంచి జెరార్డ్ సెకోటో. 1947లో పారిస్ వెళ్లి ఫ్రాన్స్‌లోనే స్థిరపడి 1993లో అక్కడే చనిపోయారు. ఆయన కంటే ముందు, 1938లోనే, అదే దేశం నుంచి పారిస్ చేరినవారు ఎర్నెస్ట్ మంకోబా. కోబ్రా అనే యూరప్ బృందంలో పనిచేసినా చాలాకాలం చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు ఉండేది కాదు. నైజీరియా నుంచి చిన్న వయసులో ఇంగ్లండ్ వచ్చి లండన్‌లోనే జీవితం గడిపిన ఉజో ఎగోను బొమ్మల్లో లండన్ వీధులు కనిపిస్తాయి. ఎల్-సలాహి వేయనిది ఇదే కాబట్టి ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటం బాగుంటుంది. ఇప్పటివాళ్లలో యింకా షోనిబారే. లండన్‌లో పుట్టి, లాగోస్‌లో పెరిగి, మళ్లీ లండన్ చేరారు. ఆఫ్రికా గుడ్డ అని అందరూ అనుకునే రంగురంగుల అచ్చు బట్టతో యూరప్ దొరల దుస్తులు కుట్టించి బొమ్మలకు తొడుగుతారు. ఆ బట్ట డిజైను ఇండోనేషియా బాతిక్ నుంచి వచ్చింది, యంత్రాల మీద తయారుచేసి ఆఫ్రికాలో అమ్మింది డచ్చి వ్యాపారులు. మొదలుపెట్టాలంటే సెకోటోతో మొదలుపెట్టండి, తేలిగ్గా దగ్గరవుతారు.